పదిహేడో నంబరు రాయి

ప్రభుత్వ భూములకీ, వాటిలోని అడవులకీ, చిత్తడి నేలలకీ కమిషనర్‌గా ఉండమని ప్రభుత్వం ఈసారి ఎంచుకున్న మనిషి నూట పన్నెండు బస్సులకి యజమాని. పటాల గదిలోకి వస్తూనే ఆయన గోడమీది పెద్ద పటం ముందు నిలబడ్డాడు. ఆకుపచ్చ రంగు వేసినంత మేరా చేత్తో చుట్టి చూపించి, "ఇదంతా మన అడవేనా?" అని అడిగాడు.

"కాదు సర్. ఆకుపచ్చదంతా పరాయి భూమి. మనది గోధుమరంగు," అన్నాడు సర్వేయరు.

"అదేం చోద్యమండీ! అడవికి గోధుమరంగా?"

"తొంభై ఏళ్ల కిందట ఎవరో వేశారు సర్. ఆ రోజు వాళ్ల దగ్గర ఆ సిరాయే ఎక్కువ ఉండి ఉంటుంది."

బస్సులాయన పగలబడి నవ్వాడు. సర్వేయరు మాత్రం తలవంచుకుని పెన్సిలు చెక్కుకున్నాడు. నవ్వొచ్చినప్పుడల్లా అతను చేసే పని అదే. ఇరవై ఎనిమిదేళ్లలో అయిదుగురు కమిషనర్లు ఈ గదిలో పాఠం చెప్పించుకున్నాకే పదవిలోకి వెళ్లారు. ఒకాయన పటాన్ని తలకిందులుగా పట్టుకుని సంతకం పెట్టాడు. ఇంకొకాయనకి పదవిలో ఉన్న మూడేళ్లలోనూ తెలిసిన చెట్టు ఒక్కటే, ఆఫీసు ముందు ఆయన కారుకి నీడపట్టేది. వాళ్ల కాలంలో సర్వేయరు ఎన్ని పెన్సిళ్లు అరగదీశాడో లెక్కలేదు.

ఇప్పుడీ బస్సులాయన. ఎన్నికల్లో జనాన్ని సభలకి చేరవేసినందుకు దక్కిన పదవి ఇది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. శుక్రవారంనాడు ఏడుగురు సభ్యుల కమిటీ ఆయన్ని కూర్చోబెట్టి ప్రశ్నిస్తుంది. వాళ్లు సరేనంటేనే పదవి. ఆలోగా నాలుగు ముక్కలు నేర్పమని సెక్రటరీ ఆయన్ని సర్వేయరుకి అప్పగించాడు.

సర్వేయరు కిటికీ వైపు చూస్తూ అప్పజెప్పినట్టు చెప్పాడు. "హద్దురాయి మూడడుగులు నేల లోపల ఉంటుంది సర్, అడుగున్నర పైన. నెత్తిమీద కూడిక గుర్తు చెక్కుతాం. పాతేముందు గోతిలో గుప్పెడు బొగ్గులు పోస్తాం."

"బొగ్గులెందుకు?"

"రాయిని ఎవడైనా పీకి పక్కన పాతాడనుకోండి. బొగ్గు పాతచోటే ఉండిపోతుంది. దానికి చెద పట్టదు, కుళ్లదు. వందేళ్ల తర్వాత తవ్వినా కనబడుతుంది."

"అబ్బ! రాయికి బొగ్గు సాక్షి అన్నమాట." బస్సులాయన జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. పై అట్ట మీద ఆయన బస్సు బొమ్మే ఉంది. నాలుక కొస పళ్లమధ్య పెట్టుకుని బడిపిల్లాడిలా రాసుకున్నాడు. "మరి పటం ఒకటి చెప్పి, రాయి ఇంకోటి చెబితే?"

"రాయిదే మాట సర్. కింద బొగ్గుంటే కోర్టు కూడా రాయి పక్షమే."

ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో సర్వేయరు నాలుక పళ్లమధ్య పెట్టి చూపించాడు. "అదేం చోద్యమండీ!" అన్నాడు అచ్చం ఆయన గొంతుతో. బల్ల చుట్టూ ఉన్న గుమాస్తాలు పొట్టలు పట్టుకున్నారు. వాళ్లలో ఒక్కడంటే ఒక్కడి మీదా సర్వేయరుకి గౌరవం లేదు. ఒకడికి లెక్కలు రావు, ఒకడికి సిగ్గు లేదు, మిగతావాళ్లకి రెండూ లేవు. కానీ ఎగతాళి ఒంటరిగా చేసుకునే పని కాదు. దానికి నలుగురు కావాలి, వాళ్లు ఎలాంటివాళ్లయినా సరే.

సెక్రటరీ సాయంత్రం పిలిచాడు. ఈ మనిషి ఏ మాటా పూర్తిగా అనడు. అన్నమాట రేపు తన మెడకి చుట్టుకోకుండా చివర్లో కాస్త వదిలేస్తాడు.

"బుధవారం ఆయన్ని చిత్తడికి తీసుకెళ్లండి. పదిహేడో నంబరు రాయి మీద చెయ్యేసి ఒక ఫొటో. పేపర్లో పడితే కమిటీకి కూడా..."

ఊరి అంచున ఉన్న ఆ చిత్తడిలో జమ్ము మనిషెత్తు పెరుగుతుంది. జమ్ముకి అవతలి భూమిలో ఇళ్లు కడుతున్న కంపెనీ, పదిహేడో రాయి దగ్గర హద్దు సరిగా లేదని, అది రోడ్డు పక్కకి జరగాలని దావా తెచ్చింది. వాళ్ల మాటే నెగ్గితే డెబ్బై ఎకరాల జమ్ము పోతుంది. అందులోనే పక్షులు గుడ్లు పెట్టే మడుగులన్నీ ఉన్నాయి. కొత్త కమిషనర్ బల్లమీదికి వచ్చే మొదటి ఫైలు అదే.

"పదిహేడు రోడ్డు పక్కన లేదు సర్," అన్నాడు సర్వేయరు. "ఆరువందల మీటర్లు లోపల. తిన్నగా దారి లేదు. మడుగులు చుట్టి, మోకాలిలోతు బురదలో గంటన్నర నడవాలి."

"ఆయన బూట్లు చూశారా?"

"చూశాను సర్."

"మరి ఏదో ఒకటి..."

సర్వేయరు గొంతు తగ్గించాడు. "స్టోరులో వాడని రాళ్లు రెండున్నాయి. నంబరు చెక్కడం ఎంతసేపు?"

సెక్రటరీ కిటికీ రెక్క సర్దాడు. "మీరు చూసుకోండి. నాకేం చెప్పకండి."

మెట్లు దిగుతుండగా సర్వేయరుకి ఆలోచన తట్టింది. అంత చక్కటి ఆలోచన కాబట్టి మెట్టుమీదే ఆగిపోయాడు. కమిటీ గది బయట ప్రజల ప్రశ్నల పెట్టె ఉంటుంది. ఎవరైనా, పేరు లేకుండా కూడా, ప్రశ్న రాసి వేయచ్చు. కమిటీలో తెల్లజుట్టావిడ ఒకరున్నారు. పూర్వం జడ్జి. ఎవరినీ వదిలిపెట్టదు. 'పదిహేడో రాయి రోడ్డుకి ఎంత దూరంలో ఉంది? దాన్ని మీరు చూశారా?' అంతే చాలు. బస్సులాయన పటంముందు నిలబడి, రోడ్డు పక్కనే ఉందంటాడు. ఆవిడ పటం చూపిస్తుంది. ఏడుగురి ముందు, పేపర్లవాళ్ల ముందు, ఆ నవ్వు ముఖం ఎలా వాడిపోతుందో సర్వేయరు కళ్లకి కట్టినట్టు కనిపించింది.

అన్నం తింటున్నప్పుడు భార్య అతన్ని గమనించింది. "మీలో మీరే నవ్వుకుంటున్నారంటే ఎవరికో మూడిందన్నమాట."

"కొత్త కమిషనర్‌కి."

"ఆయనేం చేశాడు మిమ్మల్ని?"

"నన్నేం చేస్తాడు? ఉత్త మొద్దు."

"మీకు మొద్దు కానివాళ్లు ఈ భూమ్మీద ఎవరైనా తగిలారా?" ఆవిడ కంచం తీసుకుని లేచింది. "నన్ను లెక్కలోకి వేసుకోకండి. మీరు నా గురించి క్యాంటీన్లో ఏమంటారో నాకు తెలీదుగా."

*

మంగళవారం పొద్దున్నే రాయిని జీపులో వేసుకుని చిత్తడికి వెళ్లాడు. కాపలామనిషి గునపం పట్టుకుని రోడ్డుమీదే ఎదురుచూస్తోంది. పందొమ్మిదేళ్లుగా ఆ చిత్తడికి కాపలా ఆమె ఒక్కతే. ఖాకీ చొక్కా మోచేతుల దగ్గర వెలిసిపోయింది, పాదాలు ఎప్పుడూ నానినట్టే ఉంటాయి.

రాయి మీద నంబరు చూసి ఆమె గునపం దించలేదు.

"ఇదేంటన్నా?"

"ఫొటో కోసం చెల్లెమ్మా. రేపొక్కరోజు. కమిటీ అయిపోగానే పీకేద్దాం."

"ఫొటోకైతే అట్టముక్క నిలబెట్టినా చాలుగా. రాయెందుకు? రాయి పాతాక అది రాయే కదన్నా."

"ఆ బస్సులవాడికి అట్టకీ రాయికీ తేడా తెలీదనుకో. పేపర్లవాళ్లకి తెలుస్తుంది."

"మరి ఆ కంపెనీవాళ్లు చూస్తే?"

"చూడనీ. శుక్రవారం తర్వాత ఈ మొద్దు మొహం ఎక్కడా కనబడదు. అదంతా నేను చూసుకుంటాగా."

ఆమె తవ్వడం మొదలుపెట్టింది. మెత్తటి నేల, గునపం తేలిగ్గా దిగింది. అడుగులోతు గొయ్యి చాలు ఫొటోకి. కానీ అడుగులోతులో పాతిన రాయి ఎలా ఉంటుందో సర్వేయరుకి తెలుసు, చూస్తేనే ఒళ్లు మండుతుంది. ఇంకా తవ్వమన్నాడు. మూడడుగులయ్యాక తనే గోతిలోకి దిగి అడుగు చదును చేశాడు. పైకి ఎక్కి రాయి పక్కన కూర్చున్నాడు. కూడిక గుర్తు చెక్కుతుంటే ఉలి ఒకసారి జారింది. చెరిపి మళ్లీ చెక్కాడు. ముందురోజు వేసిన సున్నం కొట్టొచ్చినట్టు కనబడుతోందని, పచ్చిగడ్డి నలిపి దానిమీద రుద్దాడు.

జీపులో డబ్బా ఉంది. అందులో బొగ్గులున్నాయి. అవి ఎప్పుడూ అక్కడే ఉంటాయి. రాయి దించేముందు అతని చెయ్యి తనంతట తనే డబ్బాలోకి వెళ్లింది.

"బొగ్గు కూడానా?" అంది కాపలామనిషి.

సర్వేయరు తన నల్లటి అరచేతిని చూసుకున్నాడు. వెయ్యకుండా ఉండచ్చు. ఉండచ్చు కానీ, బొగ్గు లేని రాయి తన చేత్తో పాతాననే మాట ఈ చెయ్యి ఒప్పుకోదు. ఇంతమంది పనిరాని మనుషుల మధ్య తనకి ఉన్నదల్లా ఈ ఒక్క చెయ్యే. గోతిలో గుప్పెడు చల్లాడు.

రాయి దించి, తూకపు దారం వదిలి నిట్టనిలువుగా ఉందో లేదో నాలుగు వైపులా చూసి, మట్టి కూరి, నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. ఎప్పుడో తాత ముత్తాతల నాడు పాతినట్టుంది.

"బాగా కుదిరింది," అన్నాడు.

కాపలామనిషి రాయిని చూడలేదు. రోడ్డు మీద కాస్త దూరంలో, కంపెనీ ఇటుకల గుట్టలకి ఇవతల నిలబడి సిగరెట్టు కాలుస్తున్న మనిషి వైపు చూస్తోంది.

*

బుధవారం బస్సులాయన వచ్చాడు. సెక్రటరీ, ఫొటోగ్రాఫరు, ఇద్దరు విలేకరులు వెంట ఉన్నారు. బూట్లు మొన్నటికంటే మెరుస్తున్నాయి. రాయి మీద చెయ్యేసి, జమ్ము వైపు దూరంగా చూశాడు. ఫొటోగ్రాఫరు గడ్డం ఎత్తమంటే ఎత్తాడు, దించమంటే దించాడు. సర్వేయరు పక్కన నిలబడి ఆ దృశ్యాన్ని తీరిగ్గా ఆస్వాదించాడు. మధ్యాహ్నమే అతను ఎడంచేత్తో, వంకర అక్షరాలతో ప్రశ్న రాసి పెట్టెలో వేయబోతున్నాడు.

ఫొటోలయ్యాయి. అందరూ కార్లవైపు కదిలారు. బస్సులాయన కదల్లేదు.

"కింద బొగ్గుందన్నారు కదా?"

"ఉంటుంది సర్," అన్నాడు సర్వేయరు.

"చూడచ్చా?"

సెక్రటరీ గడియారం చూసుకున్నాడు. బస్సులాయన అప్పటికే ప్యాంటు మోకాళ్లదగ్గర పైకి లాక్కుని గొంతుక్కూర్చున్నాడు. "పాత బస్సు కొనాలంటే నేను పైన రంగు చూడనండి. గోనె పరుచుకుని దాని కిందికి దూరి చూస్తాను. అమ్మేవాడు సీట్లన్నీ తుడిచిపెడతాడు, కింద మాత్రం తుడవడు." కాపలామనిషి దగ్గర్నించి గునపం అందుకుని రాయి పక్కగా తనే తవ్వాడు. చొక్కా వీపుకి అంటుకుంది. చాలాసేపటికి నల్లటి ముక్క ఒకటి పైకి వచ్చింది. దాన్ని వేళ్లమధ్య నలిపి, మసి అందరికీ చూపించాడు. ఫొటోగ్రాఫరు పరుగెత్తుకొచ్చాడు.

"ఉందండోయ్!" ఆయన ముఖం వెలిగిపోతోంది. కాపలామనిషి వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇదేనా పదిహేడు?"

ఆమె సర్వేయరు వైపు చూసింది. ఆ చూపు అక్కడే నిలబడిపోయింది.

"అదే సర్," అన్నాడు సర్వేయరు.

బస్సులాయన ఒక క్షణం ఇద్దర్నీ చూసి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. తర్వాత రాయి దగ్గర్నించి రోడ్డుదాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాడు. రోడ్డు మీద నిన్నటి సిగరెట్టు మనిషి ఇవాళ ముక్కాలిపీట మీద కొలతయంత్రం పెట్టుకుని నిలబడ్డాడు. యంత్రం రాయి వైపే తిరిగి ఉంది.

*

శుక్రవారం కమిటీ గది వసారాలో కాపలామనిషి బెంచీ చివర కూర్చుని ఉంది. ఉతికిన యూనిఫారం. కాళ్లకి కొత్త చెప్పులు కరుస్తున్నట్టున్నాయి, ఒకటి విప్పి పక్కన పెట్టుకుంది.

"నువ్వేంటిక్కడ?"

"బస్సులాయన కారు పంపించాడన్నా. రాయి దగ్గరున్న మనిషి కూడా ఉండాలన్నాడట." గొంతు తగ్గించింది. "నిన్న కంపెనీవాళ్లు రోడ్డు పక్కన మేకులు దిగ్గొట్టారు. ఆ రాయినించి తిన్నగా గీత గీసుకుంటూ పోయారు. మడుగులన్నీ గీతకి అవతలే ఉన్నాయి. నా గుడిసె కూడా."

"ఇంకో గంటాగు. ఆ మొద్దు తేలిపోతాడు, అంతా సర్దుకుంటుంది."

"మడుగుల్లో గుడ్లున్నాయన్నా ఇప్పుడు." ఆమె విప్పిన చెప్పు మళ్లీ తొడుక్కుంది. "నన్నడిగితే నేను అబద్ధం చెప్పను. మొన్న నోరు మెదపలేదు, అదే నాకు రెండు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. ఆ మాటేదో మీరే చెప్పెయ్యండి."

సర్వేయరు పటాల గొట్టం చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లి మూడో వరుసలో కూర్చున్నాడు.

మొదటి గంట అతను అనుకున్నట్టే గడిచింది. బస్సులాయన రెండు జాతుల కొంగల పేర్లు కలిపి కొత్త పక్షిని పుట్టించాడు. ఒక చట్టానికి ఇంకో చట్టం సంవత్సరం చెప్పాడు. విలేకరులు మూతులకి చేతులడ్డం పెట్టుకున్నారు. తెల్లజుట్టావిడ పెట్టెలో వచ్చిన చీటీ విప్పి కళ్లజోడు సర్దుకుంది.

"పదిహేడో రాయి రోడ్డుకి ఎంత దూరంలో ఉందో చెప్పగలరా?"

సర్వేయరు ముందుకి వంగాడు.

"ఇరవై రెండడుగులండి. నేనే అడుగులేసి కొలిచాను."

"పటంలో ఆరువందల మీటర్లుంది."

"అవునండి, పటంలో అలాగే ఉంది. ఇంటికెళ్లి నేనూ చూసుకున్నాను." బస్సులాయన చిన్న పుస్తకం తెరిచాడు. "కానీ పటానికీ రాయికీ తేడా వస్తే రాయిదే మాట అని శాఖవాళ్లే నేర్పారు. కింద బొగ్గుంటే ఇక తిరుగు లేదన్నారు. నేను తవ్వి చూశాను. ఉంది." జేబురుమాలు మడత విప్పి నల్లటి ముక్కని బల్లమీద పెట్టాడు.

గదిలో ఎవరూ నవ్వలేదు. ఏడుగురూ బొగ్గువైపు వంగి చూశారు.

"ఈ కుర్చీలో ఎందరినో కూర్చోబెట్టాం," అంది తెల్లజుట్టావిడ నెమ్మదిగా. "రాయి కింద ఏముందో చూసొచ్చిన మనిషిని ఇదే చూడటం." గుమాస్తా వైపు తిరిగింది. "రాసుకోండి. హద్దు రోడ్డునించి ఇరవై రెండడుగుల దగ్గర."

వెనక వరుసలో కంపెనీ లాయరు కూడా రాసుకున్నాడు. సెక్రటరీ పైకప్పు చూస్తున్నాడు. ఆ ముఖంలో ఆశ్చర్యమన్నదే లేదని సర్వేయరు గమనించాడు. డెబ్బై ఎకరాలు ఒక వాక్యంలో వెళ్లిపోతున్నాయి. ఆ సంగతి అతనికి తెలుస్తూనే ఉంది. తలుపు దగ్గర కాపలామనిషి లేచి నిలబడింది, అదీ కనబడుతూనే ఉంది. అయినా అతని గుండెల్లో ముల్లులా దిగింది వేరే. ఆ బొగ్గు తనది. ఆ నిట్టనిలువు రాయి తనది. ఈ గది మొత్తం మెచ్చుకుంటున్నది తన పనితనాన్ని, ఆ మెప్పేమో బస్సులవాడి ఖాతాలో పడుతోంది. తర్వాత జీవితంలో ఎప్పుడు తల్చుకున్నా, తను లేచింది ఆ దుగ్ధతోనే అని అతనికి తెలుసు. మంచి కారణం పక్కనే ఉండి కూడా కాళ్లని కదిలించలేకపోయింది.

"అది నేను పాతింది," అన్నాడు.

అన్ని తలలూ తిరిగాయి.

"మంగళవారం పాతాను. ఫొటో కోసం. బొగ్గు కూడా నేనే వేశాను. అసలు రాయి పటంలో ఉన్నచోటే, జమ్ములో ఉంది."

బస్సులాయన బల్లమీది బొగ్గుముక్క వైపు చూశాడు. కోపగిస్తాడనుకున్నాడు సర్వేయరు, కోపగిస్తే బాగుండేది. ఆయన రుమాలు తీసి ముక్కని మళ్లీ మడత పెట్టుకున్నాడు, మర్యాదగా. "నేను అడిగాను కదండీ మిమ్మల్ని," అన్నాడు. అంతే.

"ఎవరు చెప్పారు పాతమని?" అంది తెల్లజుట్టావిడ.

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. సర్వేయరు అతనివైపు చూశాడు. నాకేం చెప్పకండి అన్న మనిషికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

"ఎవరూ చెప్పలేదు మేడమ్. నా ఆలోచనే."

ఇంత అవమానంలోనూ అతని వెన్ను నిటారుగానే ఉంది. తప్పు చేశాడు, ఉద్యోగం పోవచ్చు, అయినా ఈ గదిలో నేలనీ రాయినీ ఎరిగినవాడు తనొక్కడే. ఆ మాట వాళ్లు కూడా ఒప్పుకోక తప్పదు.

"సరే. కంపెనీ తరఫువాళ్లు అసలు రాయి లేనేలేదంటున్నారు," ఆవిడ ముందున్న కాగితాలు తిరగేసింది. "మీరు ఉందంటున్నారు. మీ తనిఖీ రిజిస్టరు ఇక్కడే ఉంది. ఏటా ఒక సంతకం. 'స్వయంగా చూశాను, సవ్యంగా ఉంది.' అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఈ ఏడు ఏ రోజున చూశారు?"

సర్వేయరు పటాల గొట్టం ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"పోనీ, నిరుడు?"

రోడ్డు పక్కన జీపు, జీపు బానెట్ మీద రిజిస్టరు, ఇంజను వేడికి అరచేతికింద వెచ్చబడే కాగితం, అన్నీ గుర్తొచ్చాయి. రాయి గుర్తు రాలేదు. దాని నెత్తి పగిలి ఉందా, వాలి ఉందా, అసలు నీళ్లపైకి ఉందా? పదకొండు సంతకాల వెనక్కి, పన్నెండో సంతకం వెనక్కి వెళ్లి వెతికాడు. అంతటా జీపు బానెటే.

"మీరు దాన్ని చూసి ఎన్నేళ్లయింది?"

అయిదుగురు కమిషనర్లని, క్యాంటీను గుమాస్తాలని, ఈ బస్సులాయన్ని వరసగా నిలబెట్టి చూసుకునే అతని మనసులో ఇప్పుడా వరసకి చివర ఇంకొకడు వచ్చి నిలబడ్డాడు. చంకలో పటాల గొట్టం ఉంది వాడికి.

"గుర్తులేదు మేడమ్."

ఎవరో ముసిముసిగా నవ్వారు. ఎవరో తెలుసుకోవడానికి అతను తల తిప్పలేదు.

"మరి అది ఉందని ఎవరు చెబుతారు?"

"నేను చెబుతానండి," అంది తలుపు దగ్గర్నించి కాపలామనిషి. "పోయిన నెల పదో తారీఖున సున్నం వేశాను. ఏటా వానలముందు వేస్తాను. కాస్త పడమరకి ఒరిగింది. నెత్తిమీద గుర్తులో నాచు పడితే పుల్లతో గీకేస్తాను."

"సున్నం వెయ్యడం మీ పనా?"

"కాదండి. ఎవరూ రావట్లేదని వేస్తున్నాను."

తెల్లజుట్టావిడ కలం కింద పెట్టింది. గుమాస్తా చేత ఇందాకటి వాక్యం కొట్టేయించింది. రాయిని కళ్లారా చూసి రమ్మని, ఆపైనే నియామకం సంగతి తేలుద్దామని బస్సులాయనతో చెప్పింది. ఆయన అప్పటికే వంగి బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు, ఇప్పుడే బయల్దేరేవాడిలా.

"ఎంతసేపు నడవాలమ్మా?"

"గంటన్నర పడుతుందండి మీకు." కాపలామనిషి మూడో వరుసలో ఇంకా నిలబడే ఉన్న మనిషిని చూసింది. ఆ చూపులో కోపం లేదు, దాచుకున్న నవ్వూ లేదు. చిత్తడికి మొదటిసారి వచ్చినవాళ్లని జారిపడకుండా చూసుకోవాలన్న జాగ్రత్త మాత్రం ఉంది.

"సార్ కూడా వస్తానంటే నా వెనకే రమ్మనండి. ఆయనకి దారి తెలీదు."